గిటార్ ఆర్పెజియో: ప్రారంభ సాధన

కార్డ్ అంటే కలిసి పలికే స్వరాల గుంపు. ఆ స్వరాలను ఒక్కసారిగా కాకుండా ఒకదాని తరువాత ఒకటిగా పలికించడాన్ని ఆర్పెజియో అంటారు. హార్ప్ వాద్యాన్ని మీటే తీరును బట్టి ఇటాలియన్ సంగీతజ్ఞులు పెట్టిన పేరిది. గిటార్‌పై అన్ని తంతులనూ కలిపి గీస్తే అది స్ట్రమ్మింగ్. అవే తంతులను వేళ్లతో గానీ పిక్‌తో గానీ వరుసగా మీటితే ఆర్పెజియో. కొద్దిపాటి కార్డ్‌లు పట్టడం వచ్చిన విద్యార్థి సాధారణంగా దీన్ని రెండో దశలో నేర్చుకుంటాడు. గిటార్ ఆర్పెజియో నిర్మాణం, చరిత్ర, రకాలు, ప్రారంభ సాధన క్రమం ఈ వ్యాసంలో ఉన్నాయి. నంద్యాల జిల్లా అవుకు పరిసరాలతో సహా తెలుగు నేలపై ఈ సాధనకు ఉన్న సంగీత నేపథ్యాన్ని కూడా వ్యాసం వివరిస్తుంది.

స్వర నిర్మాణం

మూడు స్వరాల కార్డ్‌ను ట్రయడ్ అంటారు. ఆధార స్వరం, దానికి మూడోది, అయిదోది కలిస్తే ట్రయడ్ ఏర్పడుతుంది. కర్ణాటక సంగీత పరిభాషలో షడ్జమం, అంతర గాంధారం, పంచమం కలిస్తే మేజర్ ట్రయడ్. అంతర గాంధారం బదులు సాధారణ గాంధారం ఉంటే మైనర్ ట్రయడ్. గిటార్ మెట్ల (ఫ్రెట్‌ల) లెక్కలో మేజర్‌కు ఆధార స్వరం నుంచి 4, ఆపై 3 మెట్ల దూరం. మైనర్‌కు 3, ఆపై 4. మేజర్ ట్రయడ్‌కు కైశికి నిషాదం చేరితే డామినెంట్ సెవెన్త్, కాకలి నిషాదం చేరితే మేజర్ సెవెన్త్ కార్డ్‌లు వస్తాయి.

గిటార్‌కు ఆరు తంతులు. లావు తంతి ఆరోది, సన్న తంతి మొదటిది. ఆరో తంతి నుంచి మొదటి దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ స్వరాలకు శ్రుతి చేస్తారు. అయిదో తంతి శ్రుతి 110 హెర్ట్జ్, మొదటి తంతి శ్రుతి సుమారు 329.6 హెర్ట్జ్. సి మేజర్ కార్డ్‌లో అయిదో తంతిని మూడో మెట్టుపై, నాలుగో తంతిని రెండో మెట్టుపై, రెండో తంతిని మొదటి మెట్టుపై నొక్కుతారు. మూడో, ఒకటో తంతులను వదిలి మీటుతారు. అయిదో తంతి నుంచి కిందికి మీటితే సి, ఇ, జి, సి, ఇ వినిపిస్తాయి. సి ని షడ్జమంగా తీసుకుంటే ఇవి స, గ, ప, పై స, పై గ. పట్టింది ఒకే కార్డ్ అయినా చెవికి అది కదిలే పాటలా వినిపిస్తుంది.

చరిత్ర

ఐరోపాలో కార్డ్‌ను విడదీసి మీటే అలవాటు గిటార్ కంటే ముందు ల్యూట్, విహుయేలా వాద్యాలపై స్థిరపడింది. 17వ శతాబ్దపు ఫ్రెంచ్ ల్యూట్ వాదకులు స్వరాలను విరిచి పేర్చే ఒక ప్రత్యేక శైలిని పెంచారు. అయిదు జంట తంతుల బరోక్ గిటార్‌కు 1674లో గాస్పర్ సాంజ్ రాసిన బోధనా గ్రంథం గీసి వాయించడాన్నీ విడిగా మీటడాన్నీ రెండు పద్ధతులుగా చూపింది. కీబోర్డు సంగీతంలో యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1722 నాటి సంపుటిలోని మొదటి ప్రెల్యూడ్‌ను దాదాపు పూర్తిగా విడదీసిన కార్డ్‌లతోనే నిర్మించాడు.

18వ శతాబ్దం చివరికి ఆరు ఒంటి తంతుల గిటార్ వాడుకలోకి వచ్చింది. దానితో పాటే పాఠ్యగ్రంథాలు వెలువడ్డాయి. ఇటలీకి చెందిన మౌరో జూలియాని 1812లో ప్రచురించిన తొలి ఓపస్‌లో కుడిచేతికి 120 అభ్యాసాలున్నాయి. వాటిలో ఎడమచేతికి రెండే కార్డ్‌లు: సి మేజర్, జి సెవెన్త్. కుడిచేతి వేళ్ల క్రమం మాత్రం ప్రతి అభ్యాసంలో మారుతుంది. ఎడమచేతి భారాన్ని తగ్గించి కుడిచేతిని తీర్చిదిద్దే ఈ పద్ధతిని నేటికీ ప్రారంభ బోధనలో పాటిస్తారు. మాటెయో కర్కాస్సి ఓపస్ 60లోని 25 ఎట్యూడ్‌లు దీని తరువాతి మెట్టు. 20వ శతాబ్దంలో బ్రెజిల్ స్వరకర్త హీటర్ విల్లా లోబోస్ రాసిన 12 ఎట్యూడ్‌లలో మొదటిది దాదాపు పూర్తిగా ఆర్పెజియో రచన.

ఉక్కు తంతుల గిటార్, ఆపై ఎలక్ట్రిక్ గిటార్ వచ్చాక ఆర్పెజియో జనాదరణ సంగీతంలో సాధారణమైంది. 1964లో ది యానిమల్స్ బృందం పాడిన ‘హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ మొదలయ్యేదే ఎలక్ట్రిక్ గిటార్ ఆర్పెజియోతో. దాన్ని ఇప్పటికీ చాలామంది తొలి పాఠంగా నేర్చుకుంటారు.

తెలుగు నేలపై నేపథ్యం

కర్ణాటక సంగీతంలో కార్డ్ అనే భావన లేదు. రాగం ఒకే స్వరధారగా, గమకాలతో సాగుతుంది. అయినా తంతులను వరుసగా మీటి, వాటి నాదాలు ఒకదానిపై ఒకటి నిలిచేలా చేయడం తెలుగువారికి కొత్త కాదు. తంబూరపై పంచమం, రెండు షడ్జమాలు, మంద్ర షడ్జమం వరుసగా మీటుతారు. ముందు మీటిన తంతి నాదం ఆగకముందే తరువాతిది మొదలవుతుంది. ఆర్పెజియోకూ ఇదే మూలసూత్రం. తంబూరలో ఆ స్వరాలు మారకుండా శ్రుతిగా నిలుస్తాయి, గిటార్‌లో పాటతో పాటు కార్డ్ మారుతుంది. రెంటికీ ఉన్న తేడా అంతే.

అవుకు, బనగానపల్లె ప్రాంతంలో తంతి నాదానికి భక్తి సంప్రదాయంతో గాఢమైన సంబంధం ఉంది. అవుకు పొరుగు మండలమైన బనగానపల్లె దగ్గరి రవ్వలకొండ గుహలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశారని సంప్రదాయం చెబుతుంది. బ్రహ్మంగారి తత్త్వాలను రాయలసీమ పల్లెల్లో తంబుర మీటుతూ పాడడం ఆనవాయితీ. సంగీతం నేర్చే కథ కూడా ఈ సీమ సాహిత్యంలో ఉంది. 16వ శతాబ్దంలో పింగళి సూరన నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన ‘కళాపూర్ణోదయం’లో తుంబురుణ్ణి మించాలనుకున్న నారదుడు ద్వారకలో కృష్ణుని భార్యల దగ్గర గానం అభ్యసిస్తాడు.

పాశ్చాత్య స్వరనిర్మాణం కర్ణాటక పాఠాల్లోకి నొట్టుస్వరాల ద్వారా చేరింది. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చిన ఈ చిన్న రచనలు శంకరాభరణ స్వరాల్లో ఉంటాయి, గమకాలు దాదాపు ఉండవు. అందువల్ల గిటార్ విద్యార్థి వీటికి కార్డ్‌లు అమర్చడం సులువు.

20వ శతాబ్దంలో తెలుగు తంతివాదకులు కొత్త నాదాలను వెతికారు. కాకినాడలో 1936లో పుట్టిన వీణ విద్వాంసుడు చిట్టిబాబు, ఈమని శంకరశాస్త్రి శిష్యుడు, ‘వెడ్డింగ్ బెల్స్’ వంటి రచనలో వీణపై పాశ్చాత్య ఛాయలు పలికించారు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను అయిదు ఒంటి తంతులకు మార్చి కర్ణాటక కచేరీ వాద్యంగా నిలబెట్టారు. మెట్లున్న పాశ్చాత్య వాద్యాన్ని తెలుగు శ్రోత తనదిగా స్వీకరించడానికి ఆయన కచేరీలు తోడ్పడ్డాయి.

తెలుగు శ్రోతకు గిటార్ ఆర్పెజియో ఎక్కువగా అలవాటైంది సినిమా పాటతోనే. పాశ్చాత్య సంగీతంలో శిక్షణ పొంది, స్వయంగా గిటార్ వాయించే ఇళయరాజా తన పాటల్లో దానికి ప్రముఖ స్థానం ఇచ్చారు. 1982 నాటి తమిళ చిత్రం ‘పయనంగళ్ ముడివదిల్లై’లో నెల్లూరు జిల్లాకు చెందిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడిన ‘ఇళయ నిలా’ ఈ శైలికి ప్రసిద్ధ ఉదాహరణ. అందులో గిటార్ వాయించినది చంద్రశేఖర్. గిటార్ వినిపించే మరో చోటు చర్చి ఆరాధన. నంద్యాల కేంద్రంగా సి.ఎస్.ఐ. డయోసిస్ ఉన్న ఈ జిల్లాలోనూ, ఇతర తెలుగు జిల్లాల్లోనూ కీర్తనలకు గిటార్, కీబోర్డు తోడుగా వాయిస్తారు.

రకాలు

సహకార ఆర్పెజియో: పాడేవారికి తోడుగా కార్డ్‌ను పట్టి ఉంచి, తంతులను నిర్ణీత క్రమంలో మీటడం. స్వరాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసి మోగాలి. ప్రారంభకులు నేర్చుకునేది ఇదే.

ఏకస్వర ఆర్పెజియో: కార్డ్ స్వరాలను మెట్లపై వెతికి ఒక్కొక్కటిగా వాయించడం. ఇక్కడ ముందు స్వరాన్ని ఆపి తరువాతిది పలికించాలి. సోలో వాదనకు ఇది పునాది. ఎ మైనర్‌కు మూడో, రెండో తంతుల అయిదో మెట్టు, మొదటి తంతి అయిదు, ఎనిమిదో మెట్లు చిన్న రూపంగా ఉపయోగపడతాయి.

దొర్లింపు కార్డ్: అన్ని స్వరాలనూ అతివేగంగా కింది నుంచి పైకి విడదీయడం. స్వరలిపిలో కార్డ్ పక్కన నిలువు అలల గీతతో సూచిస్తారు.

పిక్ ఆర్పెజియో: వేళ్లకు బదులు పిక్‌తో తంతులు మార్చడం. పిక్‌ను పైకీ కిందికీ మార్చి మార్చి వాడితే ఆల్టర్నేట్ పికింగ్. ఒకే దిశలో తంతులపై జార్చుకుంటూ పోతే స్వీప్ పికింగ్. రెండోది ఉన్నత దశ సాధన.

కుడిచేతి పద్ధతి

కుడిచేతి వేళ్లకు స్పానిష్ పేర్ల తొలి అక్షరాలైన పి, ఐ, ఎం, ఎ లను ప్రపంచమంతా వాడుతుంది. ఈ వ్యాసంలో వాటి బదులు బొ (బొటనవేలు), చూ (చూపుడువేలు), మ (మధ్యవేలు), ఉం (ఉంగరపువేలు) అనే గుర్తులున్నాయి. చిటికెనవేలును సాధారణంగా వాడరు. బొటనవేలు ఆరు, అయిదు, నాలుగో తంతుల్లో కార్డ్ ఆధార స్వరం ఉన్నదాన్ని మీటుతుంది. చూపుడువేలికి మూడో తంతి, మధ్యవేలికి రెండోది, ఉంగరపువేలికి మొదటిది కేటాయిస్తారు. ఈ పంపకం స్థిరంగా ఉంటే తంతులను చూడకుండానే వాయించవచ్చు.

మీటులు రెండు విధాలు. వేలు తంతిని మీటి పక్క తంతిపై ఆగితే ఆనుడు మీటు. పక్క తంతిని తాకకుండా అరచేతి వైపు కదిలితే విడి మీటు. ఆనుడు మీటు పక్క తంతి నాదాన్ని ఆపేస్తుంది. అందుకే ఆర్పెజియోకు విడి మీటే వాడతారు. వేలు కదలిక మొదలు కీలు నుంచి రావాలి, మణికట్టు ఎగరకూడదు.

మీటబోయే తంతులపై వేళ్లను ముందే ఆనించి ఉంచడాన్ని ప్లాంటింగ్ అంటారు. బొ–చూ–మ–ఉం వంటి ఆరోహణ క్రమంలో మూడు వేళ్లనూ కలిపి ముందే ఆనిస్తే చెయ్యి నిలకడగా ఉంటుంది. అవరోహణలో మాత్రం ఒక్కో వేలినీ దాని వంతు రాగానే ఆనించాలి, లేకపోతే మోగుతున్న తంతి ఆగిపోతుంది.

ఎడమచేతి పద్ధతి

ఎడమచేతి వేళ్లను వంచి, వేలికొసతో, మెట్టుకు సరిగ్గా వెనుక నొక్కాలి. వేలు పడుకుంటే పక్క తంతి మూగబోతుంది. స్ట్రమ్మింగ్‌లో ఒక తంతి మూగబోయినా వినేవారు గమనించకపోవచ్చు. ఆర్పెజియోలో ప్రతి తంతీ విడిగా వినిపిస్తుంది కాబట్టి ఆ లోపం వెంటనే బయటపడుతుంది. అందుకే ఎడమచేతి పట్టును పరీక్షించడానికి కూడా అధ్యాపకులు ఆర్పెజియోను వాడతారు.

కార్డ్ మార్చేటప్పుడు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న వేళ్లను ఎత్తకూడదు. సి మేజర్ నుంచి ఎ మైనర్‌కు మారేటప్పుడు రెండో తంతి మొదటి మెట్టుపై చూపుడువేలు, నాలుగో తంతి రెండో మెట్టుపై మధ్యవేలు అలాగే ఉంటాయి. ఉంగరపువేలు ఒక్కటే అయిదో తంతి మూడో మెట్టు నుంచి మూడో తంతి రెండో మెట్టుకు మారుతుంది.

ప్రారంభ సాధన క్రమం

మొదటి దశ, వదిలిన తంతులు: ఎడమచేతితో ఏదీ నొక్కకుండా అయిదో తంతి, మూడు, రెండు, ఒకటో తంతులను బొ–చూ–మ–ఉం క్రమంలో మీటాలి. నాలుగు స్వరాలూ ఒకే బలంతో, సమాన ఎడంతో పలకాలి.

రెండో దశ, ఒకే కార్డ్: సి మేజర్ పట్టి అదే క్రమాన్ని కొనసాగించాలి. తరువాత బొ–ఉం–మ–చూ అవరోహణ, ఆపై బొ–చూ–మ–చూ క్రమాలు చేరతాయి.

మూడో దశ, రెండు కార్డ్‌లు: సి మేజర్, ఎ మైనర్ మధ్య మారాలి. మార్పు నిదానమైతే లయను తగ్గించుకోవాలి గానీ మార్పు దగ్గర ఆగకూడదు.

నాలుగో దశ, ఆరు స్వరాల క్రమం: బొ–చూ–మ–ఉం–మ–చూ. సినిమా పాటల్లోనూ భక్తిగీతాల్లోనూ విస్తారంగా వినిపించే నడక ఇది.

అయిదో దశ, ఆధార తంతి మార్పు: జి మేజర్‌కు బొటనవేలు ఆరో తంతికి, డి మేజర్‌కు నాలుగో తంతికి మారుతుంది. మిగిలిన మూడు వేళ్లు తమ తంతులను వదలవు.

ఆరో దశ, రచనలు: కర్త తెలియని స్పానిష్ రచన ‘రొమాన్స్’ ఇందుకు పేరెన్నికగన్నది. 1952 నాటి ఒక ఫ్రెంచ్ చిత్రంలో నార్సిసో యేపెస్ వాయించాక అది ప్రపంచమంతా వ్యాపించింది. దాని మైనర్ భాగం ప్రారంభకులకు అందుబాటులో ఉంటుంది. మేజర్ భాగానికి ఒకే వేలితో పలు తంతులను నొక్కే బారె పద్ధతిపై పట్టు రావాలి.

రోజుకు 15 నుంచి 20 నిమిషాల ఏకాగ్ర సాధన వారానికోసారి చేసే దీర్ఘ సాధన కంటే మేలు. లయ కోసం మెట్రోనోమ్‌ను నిమిషానికి 50 నుంచి 60 దెబ్బల దగ్గర పెట్టుకొని, తప్పులేకుండా వాయించగలిగినప్పుడే కొంచెం కొంచెంగా పెంచాలి.

తాళం, రాగాలతో అన్వయం

కర్ణాటక సంగీతంలో సరళీ స్వరాలు నేర్చినవారికి మూడు కాలాల సాధన తెలిసినదే. ఆర్పెజియోనూ అలాగే దెబ్బకు ఒక స్వరం, రెండు స్వరాలు, నాలుగు స్వరాలుగా సాధించవచ్చు. నాలుగు స్వరాల క్రమాలు చతురస్ర గతికి, మూడు లేదా ఆరు స్వరాల క్రమాలు తిస్ర గతికి సరిపోతాయి.

మోహన రాగం ఈ అన్వయానికి అనువైనది. అందులోని స్వరాలు స, రి, గ, ప, ద. సి ని షడ్జమంగా తీసుకుంటే ఈ అయిదు స్వరాలతో కుదిరే మేజర్, మైనర్ ట్రయడ్‌లు రెండే. స–గ–ప తో సి మేజర్, ద–స–గ తో ఎ మైనర్. ఇవి సాధన క్రమంలో మూడో దశ కార్డ్‌లే. కర్ణాటక సంగీత విద్యార్థులు తొలిదశలో నేర్చే ‘వరవీణా మృదుపాణి’ గీతం మోహన రాగంలో, రూపక తాళంలో ఉంది. రూపకానికి ఆరు అక్షరాలు. అక్షరానికి ఒక స్వరం చొప్పున బొ–చూ–మ–ఉం–మ–చూ క్రమం ఒక్క ఆవర్తంలో పూర్తవుతుంది. ఇంట్లో సంగీతం నేర్చిన ఒకరు గీతం పాడుతుంటే గిటార్ ప్రారంభకుడు రెండు కార్డ్‌లతోనే తోడు వాయించవచ్చు.

గాయకుల శ్రుతికి సరిపోవడానికి, మెడపై తంతులన్నిటినీ నొక్కి ఉంచే కాపో అనే బిగింపు ఉపకరిస్తుంది. సి మేజర్ రూపాన్ని అలాగే ఉంచి కాపోను మొదటి మెట్టుపై బిగిస్తే ఒకటిన్నర శ్రుతి, రెండో మెట్టుపై బిగిస్తే రెండు శ్రుతి అవుతాయి. గమక ప్రధానమైన రాగాలకు కార్డ్‌లు చేర్చడంపై విద్వాంసుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. స్థిరమైన కార్డ్ స్వరం గమకపు కదలికతో ఢీకొంటుందని కొందరి అభ్యంతరం. రాగంలో లేని స్వరాన్ని కార్డ్‌లోకి రానీయకుండా జాగ్రత్తపడితే ఇబ్బంది ఉండదని మరికొందరి వాదన.

సాధారణ లోపాలు

బొటనవేలు చూపుడువేలి వెనక్కి, అరచేతిలోకి జారడం తరచుగా కనిపించే లోపం. బొటనవేలు చూపుడువేలి కంటే ముందుకు, మెడ వైపు ఉండాలి. ఉంగరపువేలు బలహీనంగా ఉండి మొదటి తంతి నాదం తగ్గడం రెండోది. ఆ స్వరాన్ని కావాలని ఒత్తి వాయిస్తే సరి అవుతుంది. చివరి స్వరం మోగకముందే ఎడమచేతిని ఎత్తడం మూడోది. దానివల్ల కార్డ్‌ల మధ్య నాదం తెగుతుంది. తొలి వారాల్లో వేలికొసల నొప్పి సహజం. మణికట్టులోనో ముంజేతిలోనో నొప్పి పుడితే మాత్రం సాధన ఆపి, కూర్చునే భంగిమను సరిచూసుకోవాలి.

వాద్యం ఎంపిక, సంరక్షణ

నైలాన్ తంతుల క్లాసికల్ గిటార్‌లో తంతులు మెత్తగా, వాటి మధ్య ఎడం ఎక్కువగా ఉంటుంది. వేళ్లతో మీటడానికి అది అనువు. ఉక్కు తంతుల అకూస్టిక్ గిటార్ నాదం మెరుపుగా ఉంటుంది, వేళ్లకు శ్రమ ఎక్కువ. ప్రారంభకులు సన్న ఉక్కు తంతులు వేయించుకుంటే శ్రమ తగ్గుతుంది.

చెక్క గిటార్‌కు గాలిలో 45 నుంచి 55 శాతం తేమ అనుకూలం. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, గాలి పొడిబారుతుంది. అప్పుడు చెక్క కుంచించుకుపోయి మెట్ల అంచులు బయటికి పొడుచుకొస్తాయి, తంతులు మెట్లకు తగిలి జుమ్మంటాయి. రేకుల కప్పు కింద, ఎండలో నిలిపిన వాహనంలో గిటార్ ఉంచకూడదు. పెట్టెలో భద్రపరిచి, గిటార్ కోసం తయారయ్యే తేమ పరికరం లోపల ఉంచితే మేలు. వానాకాలంలో ఉక్కు తంతులు తుప్పు పట్టకుండా వాయించాక పొడి గుడ్డతో తుడవాలి.

నేర్చుకునే మార్గాలు

గురువు ఎదుట నేర్చుకోవడం, పరీక్షా పాఠ్యక్రమాన్ని అనుసరించడం, వీడియో పాఠాలతో స్వయంగా సాధించడం అనేవి మూడు ప్రధాన మార్గాలు. ట్రినిటీ కాలేజ్ లండన్ వంటి సంస్థలు ప్రారంభ స్థాయి నుంచి ఎనిమిదో గ్రేడు దాకా గిటార్ పరీక్షలు నిర్వహిస్తాయి. వాటి సాంకేతిక విభాగంలో స్కేళ్లతో పాటు ఆర్పెజియోలూ ఉంటాయి. స్వయం సాధకులు ఎక్కువగా ట్యాబ్ లిపిపై ఆధారపడతారు. అందులో ఆరు గీతలు ఆరు తంతులకు గుర్తులు. పై గీత మొదటి తంతి, గీతపై అంకె నొక్కాల్సిన మెట్టు, సున్న అంటే వదిలిన తంతి. అవుకు వంటి మండల కేంద్రాల్లోని విద్యార్థులు వీడియో పాఠాలతో సాధిస్తూ, వీలైనప్పుడు దగ్గరి పట్టణంలోని గురువు చేత చేతుల భంగిమను సరిచూయించుకోవడం ప్రయోజనకరం. భంగిమ లోపాలను సాధకుడు తనంతట తాను గుర్తించడం కష్టం.

ప్రాధాన్యం

ఆర్పెజియో సాధన ఒకేసారి మూడు నైపుణ్యాలను పెంచుతుంది. కుడిచేతి వేళ్లకు స్వతంత్ర కదలిక, ఎడమచేతికి శుభ్రమైన పట్టు, చెవికి కార్డ్‌లోని ఒక్కో స్వరాన్ని విడిగా గుర్తించే శక్తి అలవడతాయి. స్ట్రమ్మింగ్‌లో కలిసిపోయి వినిపించే స్వరాలు ఇక్కడ విడివిడిగా తెలుస్తాయి. దానివల్ల మేజర్, మైనర్ తేడా గాంధారంలో ఉందని విద్యార్థి చెవితోనే గ్రహిస్తాడు. ఫింగర్‌స్టైల్, క్లాసికల్ గిటార్, సినిమా పాట సహకారం, సోలో వాదన అన్నింటికీ ఈ సాధనే మొదటి మెట్టు. స్వరస్థానాలు, మూడు కాలాలు, తాళాలు ముందే తెలిసిన తెలుగు విద్యార్థికి ఆర్పెజియోలో కొత్తగా నేర్వాల్సింది ప్రధానంగా వేళ్ల క్రమం, కార్డ్ మార్పు. మిగిలిన పునాది అతని సంగీత పాఠాల్లోనే ఉంది.